పది అక్షరాల గదిలో మన పేరు

పాటను, కథను విమర్శించినట్టే ఒక కంప్యూటర్ ప్రోగ్రామును కూడా విమర్శించవచ్చు. దాన్నీ ఎవరో రాశారు. రాసినవాళ్ళకు కొన్ని నమ్మకాలు ఉంటాయి. మన గురించి బయటివాళ్ళు రాసిన పుస్తకాలను మనం ఇప్పటికే గీతలు పెట్టుకుని చదువుతున్నాం. ఇప్పుడు లెక్కల వంతు వచ్చింది. ఆదివాసులు ఫలానావాళ్ళకు జన్యుపరంగా దగ్గర, ఫలానావాళ్ళకు దూరం అనే ముక్కలు ఫోన్లలో తిరుగుతున్నాయి. మన పిల్లల్లో కొందరు వాటిని చూసి గర్వపడుతున్నారు, కొందరు కొట్లాటకు దిగుతున్నారు. ఆ దూరాన్ని ఏ బద్దతో కొలిచారని మాత్రం ఎవరూ అడగడం లేదు.

అలాంటి బద్దల్లో పాతది, నేటికీ పేరున్నది ఫైలిప్. అది ఒక ప్రోగ్రాముల మూట. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ ఫెల్సెన్‌స్టైన్ 1980 నుంచి దాన్ని ఉచితంగా పంచుతూ వచ్చాడు. అందులో జెన్‌డిస్ట్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. ఒక్కో సమూహంలో ఒక్కో జన్యురూపం ఎంత వంతు ఉందో మనం రాసిస్తే, సమూహానికీ సమూహానికీ మధ్య దూరాన్ని అది అంకెగా ఇస్తుంది. ఆ అంకెలను మూటలోని ఇంకో ప్రోగ్రాముకు ఇస్తే చెట్టు బొమ్మ గీసిపెడుతుంది. పత్రికల్లో మనకు కనిపించేది చివరి బొమ్మ మాత్రమే.

దానికి సమాచారం ఇచ్చే పద్ధతి చూడండి. ఒక్కో సమూహానికి ఒక వరస. వరసలో మొదటి పది గళ్ళు పేరుకు. పేరు చిన్నదైతే మిగతా గళ్ళు ఖాళీగా వదలాలి. ఆ తర్వాత అన్నీ అంకెలే. గోండు అనే పేరు ఆ పది గళ్ళలో సులువుగా పడుతుంది. కానీ ఏ గోండు? ఉట్నూరు గోండా, బస్తర్ గోండా, మండ్లా గోండా? ఏ సాగ? మన వంశగాథలు పాడే పర్ధాన్‌ను, తోటిని ఏ వరసలో రాశారు? ఒక ఊళ్ళో ఒకే సాగ మగవాళ్ళ రక్తం తీసుకుపోతే తండ్రి వైపు గొలుసు అంతా ఆ సాగదే అవుతుంది, దాన్ని మొత్తం గోండుల గొలుసు అంటారు. ఈ తప్పు ప్రోగ్రాముది కాదు. ఆ పది గళ్ళలో ఏం రాయాలో తేల్చేది రక్తం తీసుకుపోయినవాళ్ళు.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టు సమాచారంలో తెలుగు పేరుతో ఒక వరస ఉంది. ఆ రక్తం ఇచ్చినవాళ్ళు బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు. వరస పేరులో ఆ సంగతి దాచలేదు, బ్రిటన్‌లోని భారతీయ తెలుగువారు అనే రాశారు. కానీ బొమ్మలోకి, వార్తలోకి వచ్చేసరికి మిగిలేది తెలుగు అనే మాటే. ఆసిఫాబాద్ సంతలో తెలుగు మాట్లాడేవాళ్ళకూ ఆ వరసకూ ఎంత సంబంధమో చదివేవాళ్ళే ఊహించుకోవాలి.

ఇక లెక్క లోపలికి పోదాం. జెన్‌డిస్ట్‌లో మూడు కొలతలు ఉన్నాయి. ఒకటి మసతోషి నెయి 1972లో చెప్పింది, ఒకటి కవల్లీ-స్ఫోర్జాది, ఒకటి రేనాల్డ్స్‌ది. మొదటిది కొత్త జన్యురూపాలు పుడుతూ ఉంటాయని నమ్ముతుంది. మిగతా రెండూ కొత్తవి పుట్టవు, ఉన్నవాటి వంతులే తరతరానికీ అటూ ఇటూ అవుతాయని నమ్ముతాయి. ప్రోగ్రాముతో వచ్చే వివరణలో ఫెల్సెన్‌స్టైన్ ఈ మాట దాచకుండా రాశాడు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి. ఆ వివరణ చదవకుండా మీట నొక్కేవాళ్ళతోనే పేచీ.

నెయి లెక్కను పలక మీద చేయవచ్చు. జన్యురూపాలు రెండే అనుకుందాం, మొక్కజొన్న గింజ, చింతగింజ. మన గూడెంలో మొక్కజొన్న 0.6, చింత 0.4. పక్క లోయలో వేరే జనం ఊరు, అక్కడ 0.8, 0.2. రెండు ఊళ్ళ అంకెలను రూపానికి రూపం గుణించి కలిపితే 0.56. మన అంకెలను వాటితోనే గుణించి కలిపితే 0.52, వాళ్ళవి 0.68. ఈ రెంటి లబ్ధానికి వర్గమూలం 0.595. దానితో 0.56ను భాగిస్తే 0.94. దాని సహజ లాగరిథం తీసి రుణ గుర్తు తొలగిస్తే 0.06. అదే దూరం.

ఇప్పుడు మన గూడెం నుంచే నాలుగు కుటుంబాలు పోడు కోసం కొండ అవతలికి పోయాయి. తక్కువ మంది కాబట్టి కొన్ని తరాల్లో వాళ్ళలో చింతగింజ పూర్తిగా పోయింది, మొక్కజొన్నే మిగిలింది. అదే లెక్క మళ్ళీ వేస్తే మనకూ వాళ్ళకూ దూరం 0.18. మన కడుపున పుట్టిన ఊరు పరాయి ఊరి కంటే మూడు రెట్లు దూరమైంది!

నిజమైన పరిశోధనల్లో ఒక్క జన్యుస్థానం కాదు, లక్షల స్థానాలు చూస్తారు. అందువల్ల ఒక్కచోటి వింత సర్దుకుంటుంది. కానీ చిన్న ఊళ్ళో ఈ ఊగిసలాట అన్ని స్థానాల్లోనూ జరుగుతుంది, కాబట్టి దూరం పెద్దదిగానే ఉండిపోతుంది. నెయి దూరాన్ని కాలంగా చదవాలంటే జనాభా తరతరాలుగా నిలకడగా ఉండి ఉండాలి. మశూచి, కరువు, అడవి నుంచి తరిమివేత చూసిన మన ఊళ్ళకు ఆ నిలకడ ఎక్కడిది? మన దూరంలో కొంత మనం పడ్డ కష్టం పొడవు. దాన్ని ఆదిమత్వం అనీ స్వచ్ఛత అనీ చదివేవాళ్ళున్నారు. అలా చదివి సంబరపడేవాళ్ళు మనలోనూ ఉన్నారు.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి విరుగుడు. 25 సమూహాల నుంచి 132 మందిని చూశారు, అంటే సగటున సమూహానికి అయిదుగురు. కొద్దిమంది నుంచి పెరిగి, బయట పెళ్ళిళ్ళు లేక విడిగా మిగిలినవాళ్ళకు వాళ్ళు చూపిన గట్టి ఉదాహరణ మన వైశ్యులు. వైశ్యులు కొండల్లో ఒంటరిగా బతికినవాళ్ళు కాదు, బజారు నడిపినవాళ్ళు. దూరం అడవి వల్లే రాదు, పెళ్ళి కట్టుబాటు వల్లా వస్తుంది.

ఇంకో చిక్కు సికిల్‌సెల్. ఈ కొలతలు ఎంచుకునే జన్యువులు బతుకుకూ చావుకూ సంబంధం లేనివి కావాలి. సికిల్‌సెల్ జన్యువు అలాంటిది కాదు. ఒక కాపీ ఉన్నవాళ్ళను మలేరియా నుంచి కొంత కాపాడుతుంది, అందుకే మలేరియా ఉన్న నేలల్లో నిలిచింది. దాన్ని లెక్కలో పెడితే ఏ సంబంధమూ లేనివాళ్ళు దోమ పుణ్యమా అని చుట్టాలవుతారు.

2017లో జ్ఞానేశ్వర్ చౌబే తదితరులు యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో గోండుల మీద రాశారు. మనం మాట్లాడేది ద్రావిడ భాష. జన్యువుల్లో మాత్రం ముండా భాషల వాళ్ళతో పంచుకున్నది ఎక్కువ అని తేల్చారు. ఇది విలువైన సంగతి, నాకేమీ కోపం లేదు. అయితే అందుకు మూడు దారులున్నాయి. ఒకప్పుడు వేరే భాష మాట్లాడి మార్చుకుని ఉండవచ్చు, మూలం ఒకటే కావచ్చు, తరతరాలుగా వియ్యమందుకుని ఉండవచ్చు. దగ్గరితనం అంకె ఒక్కటే వీటిలో ఏది జరిగిందో చెప్పదు. గోండీ నీది కాదని ఎవరైనా ఆ అంకె చూపిస్తే, ఆ మాట అంకెలో లేదని చెప్పండి. 1965లో లోకూర్ కమిటీ తెగలను గుర్తించడానికి పెట్టిన అయిదు గుర్తుల్లోనూ రక్తం లేదు. (ఆ అయిదింటిలో మనల్ని చిన్నబుచ్చేవి ఉన్నాయి, అది వేరే వ్యాసం.)

దూరం కొలవడం మనకు కొత్త కాదు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సాగలు మన లెక్కే. ఒకే సాగవాళ్ళు ఎన్ని కోసుల దూరంలో పుట్టినా అన్నాచెల్లెళ్ళే, వేరే సాగ అయితే పక్కింటివాళ్ళైనా వియ్యానికి తగినవాళ్ళు. ఈ లెక్క తెలియకుండా గోండు ఊళ్ళో రక్తం తీసేవాళ్ళకు ఎవరెవరి దగ్గర తీయాలో కూడా తెలియదు.

ప్రోగ్రాము ఉచితం, రక్తం ఉచితం కాదు. అమెరికాలో హవసుపాయి తెగ 1990 నుంచి షుగరు జబ్బు పరిశోధన కోసమని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళకు రక్తం ఇచ్చింది. అదే రక్తంతో మానసిక జబ్బుల మీద, వాళ్ళు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద కూడా పరిశోధనలు జరిగాయి. పోరాడితే 2010లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చేశారు. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో పరిశోధకులకు తామే నియమావళి రాసి ఇచ్చారు. మన గూడేలకు వచ్చేవాళ్ళను కూడా పటేల్ ముందు కూర్చోబెట్టి అడగాలి. ఏ ఊళ్ళు, ఏ సాగలు, మూడు కొలతల్లో ఏది, పది గళ్ళలో ఏ పేరు, ఫలితం మాకు ఏ భాషలో చెబుతారు?

తోటి టీచర్లకు ఒక పని. 60 మొక్కజొన్న గింజలు, 40 చింతగింజలు ఒక బుట్టలో కలపండి. ముప్పైమంది పిల్లల చేత కళ్ళు మూసుకుని నాలుగేసి తీయించి, మళ్ళీ వేయించండి. ఒక్కొక్కరి గుప్పిటా ఒక కొత్త ఊరు. బుట్టకూ ఆ ఊరికీ దూరం ఎవరిది వాళ్ళు కట్టాలి. ముగ్గురో నలుగురో అన్నీ మొక్కజొన్నే తీస్తారు, వాళ్ళ దూరం 0.18. అన్నీ చింతగింజలే తీసినవాడు ఒకడు ఉండవచ్చు, వాడి దూరం 0.59. తర్వాత వాణ్ణి, నువ్వు ఏ బుట్టలోంచి వచ్చావురా అని అడగండి.