పిలుపు రానివాళ్ల ఫొటో

ఖరగ్‌పూర్‌లో మా ఇందా పేటలో పొరుగింటి పిన్నిగారు ఈ వారం ఛాతీ ఫొటో పట్టుకొచ్చారు. దగ్గు తగ్గక తీయించారట. "నిమ్ము లేదన్నారు బాబూ, ఇంక భయం లేదు కదా?" అన్నారు. ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టాను. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. కానీ గుండెకు పైన, బృహద్ధమని వంపు తిరిగే చోట, సన్నటి తెల్లగీత నెలవంకలా కనిపించింది. నాళం గోడలో పేరుకున్న కాల్షియం అది. రిపోర్టు చివరి వరుసలో రాసే ఉంది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒళ్లు మండింది నాకు.

ఎక్స్‌రే గదిలో పనిచేసినవాణ్ని. నా పట్టు ఒకటే: వెతికినది లేదని తేలాక కూడా ఫిల్మును మూలమూలలా చూడాలి.

ఆడవాళ్లకు గుండెజబ్బు అంత త్వరగా రాదని మన ఇళ్లలో ఒక ధైర్యం. గుండె నాళాల వరకు అందులో కొంత నిజం ఉంది. అక్కడ కాల్షియం మగవాళ్లకు సుమారు పదేళ్లు ముందే చేరుతుంది. బృహద్ధమని వంపు దగ్గర లెక్క వేరు. కాలిఫోర్నియాలో 1964-73 మధ్య ఆరోగ్య పరీక్షలకు వచ్చిన 1,16,309 మందిపై 2000లో ఒక అధ్యయనం వెలువడింది. ఛాతీ ఎక్స్‌రేలో ఈ గీత మగవాళ్లలో 1.9 శాతం మందికి, ఆడవాళ్లలో 2.6 శాతం మందికి కనిపించింది. గీత ఉన్నవాళ్లలో ఆడామగా ఇద్దరికీ గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఆడవాళ్లకు పక్షవాతం ముప్పు కూడా తోడైంది.

మా ఇంటి సంగతే చూడండి. నాన్నగారు రైల్వేలో ఇంజన్ డ్రైవరు. రైళ్లు నడిపేవాళ్లకు 45 దాటితే రెండేళ్లకోసారి, 55 దాటితే ఏటా పీఎంఈ, అంటే రైల్వేవాళ్లు పిలిచి చేసే ఆరోగ్య పరీక్ష. ఆ పరీక్ష దగ్గరపడుతోందంటే ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కేది, కూరలో ఉప్పు తగ్గేది. అమ్మ కూడా ఆ చప్పిడి కూరే తినేది. ఆమె బీపీ మాత్రం ఎవరూ చూడలేదు. రైల్వే ఆసుపత్రికి వెళ్లే హక్కు ఆమెకూ ఉంది. రమ్మన్న పిలుపే ఏనాడూ రాలేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్‌కు వచ్చి స్థిరపడ్డ ఎన్నో రైల్వే ఇళ్లలో ఇదే తీరు.

అలాగని యాభై దాటిన ప్రతి ఆడమనిషికీ ఛాతీ ఫొటో తీయాలా? అక్కర్లేదు. కాల్షియం బాగా పేరుకుంటే గానీ ఫిల్ము మీద తేలదు. గీత లేనంత మాత్రాన నాళం బాగున్నట్టు కాదు. వేరే పనికి తీసిన ఫొటోలో కనబడితే మాత్రం వదలకూడదు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూడాలి. అడ్డపొగ (నిప్పు నోట్లో ఉంచి చుట్ట కాల్చడం), గుడాకు (పళ్లకు రుద్దే పొగాకు ముద్ద) అలవాటుందా అని అడగాలి.

పిన్నిగారికి ఆ సాయంత్రమే బీపీ చూపించాం: 168/96. అంతకుముందు ఎప్పుడు చూపించారంటే ఆమెకు గుర్తులేదు. మరో రోజు మళ్లీ చూసి మందు సంగతి తేలుస్తామన్నారు డాక్టరు. ఇలా పెరిగిన బీపీని పట్టుకోవడానికి ఎక్స్‌రే అవసరమే లేదు, చేతికి కట్టే బీపీ పట్టీ చాలు. భర్తను పీఎంఈకి పిలిచిన రోజునే భార్యనూ పిలిచి ఆ పట్టీ కట్టాలి. రిటైరయ్యాక కూడా ఇద్దరికీ ఆ పిలుపు ఆగకూడదు.