ఆ మెప్పు ఖర్చు ఎవరిది?

ఈ వారం ఓ విమానాశ్రయం ప్రకటన చూసి ఒళ్లు మండింది. ప్రయాణికుల మెప్పులో మేటి అట. ఎవరు ఎవరిని పొగిడినా ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారని అడగడం నా చాదస్తమని ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. ఇలాంటి అవార్డుల్లో పేరున్న ఏఎస్‌క్యూ సర్వేను నడిపేది ఏసీఐ, అంటే విమానాశ్రయాల సొంత సంఘం. రుసుము కట్టి చేరేదీ విమానాశ్రయాలే. ప్రశ్నలడిగేది గేటు దగ్గర విమానం కోసం కూర్చున్నవాళ్లని. టికెట్ ఉండీ సీటు లేదని కౌంటర్ దగ్గరే ఆగిపోయినవాడు, ఇమిగ్రేషన్‌ వాళ్లు వెనక్కి పంపినవాడు ఆ గేటు దాకా రానే రాడు.

సర్కారు లెక్కలు కొంత నయం. ఏ సంస్థ విమానాలు ఎంతమేర వేళకు బయల్దేరాయో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా చెబుతుంది, హైదరాబాద్‌తో సహా. 15 నిమిషాల్లోపు ఆలస్యమైతే వేళకు పోయినట్టే. పదివేల మందికి ఎన్ని ఫిర్యాదులో కూడా ఇస్తుంది. కాకపోతే అది దేశంలోపలి ప్రయాణాల లెక్క. సిద్దిపేట పల్లెల్లో విమానమంటే ముందు గుర్తొచ్చేది దుబాయ్, మస్కట్.

ఆ పల్లెల్లో ఎవరి మాట ఎవరి తరఫుదో పసిగట్టడమంటే వేములఘాట్ యాదికొస్తది. తొగుట మండలంలోని ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయం నీళ్లల్లో ఉంది, జనం గజ్వేల్ దగ్గరి కాలనీలో ఉన్నారు. ఆ జలాశయానికి వ్యతిరేకంగా 2016 జూన్‌లో మొదలైన రిలే దీక్షలు ఏళ్లకేళ్లు నడిచాయి. అధికారులు చెప్పేది ఒకటి, పార్టీలవాళ్లు చెప్పేది ఇంకొకటి, ఉద్యమకారులది మరొకటి. ఏ పక్షానికీ చెందని మాట అక్కడ దొరకలేదు. ఊరి జనం భూములు కొనడానికి సర్కారు తెచ్చిన 123 జీవోనూ 2013 భూసేకరణ చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో జీవోను హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. అయినా చివరికి ఊరు మునిగింది. కానీ వచ్చినవాడు ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో పోల్చుకోవడంలో వాళ్లను మించినవాళ్లను నేను చూడలేదు.

అక్కడే నా చాదస్తం కొంత సడలింది. నిష్పాక్షికమైన మాట కావాలని ఇన్నేళ్లు రాశాను. గల్ఫ్ పోయే పిలగానికి పనికొచ్చేది మాత్రం మేనబావ పంపిన వాయిస్ మెసేజ్: “బావా, ఆ ఫ్లైట్ల రాకు, సామాను రెండు దినాలకు వచ్చింది.” అది కోపంతో అన్న మాటే, ఒక్కడి అనుభవమే. కానీ ఎవరన్నారో, ఎందుకన్నారో వినేవాడికి తెలుసు. అవార్డు విషయంలో తెలియనిది అదే.

మేనబావకు తెలియనిది ఒకటుంది. ఖరారైన టికెట్‌తో వేళకు వచ్చినా విమాన సంస్థ ఎక్కువ టికెట్లు అమ్ముకుని ఎక్కించుకోకపోతే, గంటలోపు వేరే విమానం చూపకపోతే, డీజీసీఏ నిబంధన ప్రకారం పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు పంపితే 10,000 రూపాయల దాకా, అది దాటితే 20,000 దాకా. ఇంత పెద్ద ప్రకటన బోర్డులకు చోటున్నచోట ఈ రెండు అంకెలకు కౌంటర్ పక్కన తెలుగులో చోటు దొరకదా?