బల్లయొద్ద కూర్చున్నవారు

17వ శతాబ్దమున డచ్చి చిత్రకారుడగు విల్లెమ్ హేడా భోజనపు బల్లలను చిత్రించి కీర్తిగాంచెను. వెండిపాత్రలు, సగము తొక్క యొలిచిన నిమ్మపండు, ఆల్చిప్పలు - అన్నియు కన్నులకు విందే. కాని యా బల్లయొద్ద మనుష్యు లుండరు. పండించినవా రెవరో, వండినవా రెవరో తెలియదు.

ఆ దేశముననే న్యూనెన్ గ్రామమున 1885లో విన్సెంట్ వాన్ గో “బంగాళాదుంపలు తినువారు” అను చిత్రమును వ్రాసెను. గుడ్డిదీపము క్రింద అయిదుగురు కర్షకులు ఒకే పళ్లెమునుండి దుంపలు తినుచున్నారు. పళ్లెమువైపు చాచిన చేతులతోనే వారు భూమిని త్రవ్విరని చూపుట తన యుద్దేశమని యాతడు తమ్మునికి వ్రాసెను. శిలాముద్రణప్రతిని చూచిన మిత్రుడు వాన్ రప్పార్డ్, ఆకృతులయందు సత్యము లేదని నిందించెను. చేతులు మోటుగా నున్నమాట నిజమే. హేడా మఱుగుపఱచిన శ్రమను బయలుపెట్టినవియు నా చేతులే.

మనము గమనింపవలసిన దింకొకటి కలదు. కాఫీ పోయుచున్న స్త్రీయు నా బల్లయొద్దనే యున్నది. వడ్డించిన యిల్లాలు అందఱును లేచినపిమ్మట మిగిలినది తినుటయే యాచారమనెడి గృహములవారు ఈ చిత్రమును గోడకు దగిలించుటకన్న, అందలి పంక్తిని తమ యింట నెలకొల్పుట మేలు.