పలకనంత మాత్రాన

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం వార్డుకు వెళ్లి పేషెంటుతో మాట్లాడటం మా పనిలో సగం. బీపీ ఉందా, షుగరుందా, పళ్లేమైనా కదులుతున్నాయా, నోరు ఎంతవరకు తెరుచుకుంటోంది, ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు ఇచ్చారా, ఇవన్నీ నేను అడిగేవి. వాళ్లు అడిగేది మాత్రం ఏ ఊరివాళ్లయినా, ఏ వయసువాళ్లయినా దాదాపు ఒకటే. ‘మధ్యలో తెలివి రాదు కదండీ?’ ‘రాదమ్మా, నేను పక్కనే ఉంటాను’ అంటాను. రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆపరేషన్ పూర్తయ్యేదాకా మత్తు డాక్టరు పేషెంటు తల దగ్గర నుంచి కదలడు. మొదటి మాట వెనక ఎంత పరిశోధన ఉందో, ఎంత ఇంకా తేలకుండా ఉందో ఈ వారం రాయాలనిపించింది.

నా ఎదుట ఉండే మానిటర్ చాలా చెబుతుంది. గుండె లయ, బీపీ, రక్తంలో ఆక్సిజన్, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్, అన్నీ తెర మీద కనిపిస్తుంటాయి. స్పృహ మాత్రం కనిపించదు. నుదుటికి పట్టీ అంటించి, మెదడు తరంగాలను బట్టి వందలోపు ఒక అంకె చూపించే ‘బిస్’ మానిటర్ ఉంది. అంకె 40, 60 మధ్య ఉంటే మత్తు సరిపోయినట్టు లెక్క. కానీ కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే మత్తు పెరుగుతున్నా ఆ అంకె పైకి పోవచ్చు. అది చూపేది తరంగాల లెక్కనే. లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నది మేం ఊహించుకోవాల్సిందే.

మా శాస్త్రం చాలాకాలం ఈ సంగతి జోలికి పోలేదు. అందుకు కారణముంది. 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో, 1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫాంతో మొదలైన ఈ విద్యలో మొదటి భయం చావు. ఆ భయం మీద ప్రపంచంలోనే పేరుపడ్డ పరిశోధన ఒకటి మన హైదరాబాద్‌లో జరిగింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లు 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి కూర్చున్నాయి. రెండోదానికి నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిస్తే, లండన్ నుంచి ‘లాన్సెట్’ వైద్య పత్రిక లాడర్ బ్రంటన్ అనే డాక్టర్‌ను పంపింది. జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే కాబట్టి ఊపిరి మీదే కన్నుంచండి అని తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో లెవీ అనే డాక్టరు చూపించాక ఆ తీర్పు నిలవలేదు. అయినా ఊపిరిని గమనించమన్న మాట మా చేతుల్లో ఇంకిపోయింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా లెక్కిస్తారు. ఆమె పేరు మన మెడికల్ కాలేజీల్లో ఇంకా గట్టిగా వినిపించాలి.

మనిషి బతకడం ఖాయమయ్యాకే, లోపల తెలివి ఉందా లేదా అన్న రెండో ప్రశ్నకు చోటు దొరికింది. అది పుట్టింది ఒక మేలైన మందు వల్ల. 1942 జనవరిలో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే మత్తు డాక్టరు ఆపరేషన్‌లో క్యూరారే వాడాడు. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే విషం అది. కండరాలను పూర్తిగా వదులు చేస్తుంది. పొట్ట తెరిచే సర్జన్‌కు అంతకన్నా ఏం కావాలి? మత్తు మోతాదూ తగ్గించుకోవచ్చు. అయితే అంతవరకు మత్తు చాలకపోతే పేషెంటు కదిలేవాడు, మూలిగేవాడు, మాకు తెలిసిపోయేది. క్యూరారేతో ఆ దారి మూసుకుపోయింది.

ఆ మందు మెదడునూ మొద్దుబారుస్తుందేమోనని అప్పట్లో కొందరు అనుకునేవారు. అమెరికాలోని యూటాలో స్కాట్ స్మిత్ అనే డాక్టరు మత్తేమీ లేకుండా దాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కాళ్లూ చేతులూ పడిపోయాయి, మాట పోయింది, ఊపిరి ఆగింది. సాటివాళ్లు బయటినుంచి ఊపిరి అందించారు. కనురెప్ప కూడా ఎత్తలేని ఆ స్థితిలో వాళ్లన్న ప్రతి మాటా విన్నాడు, ప్రతి గుచ్చుడూ తెలిసింది. తేరుకున్నాక అన్నీ చెప్పాడు. 1947లో అచ్చయిన ఆ వ్యాసాన్ని నా దగ్గర పనిచేసే పీజీలందరితో చదివిస్తాను. ఒళ్లు చచ్చుబడటం వేరు, స్పృహ పోవడం వేరని అంత స్పష్టంగా చెప్పిన పేజీలు మా సాహిత్యంలో అరుదు.

మరి కదల్లేని మనిషికి తెలుస్తోందో లేదో ఎలా కనుక్కోవాలి? 1977లో అబర్‌డీన్‌లో టన్‌స్టాల్ అనే డాక్టరు సిజేరియన్ల కోసం ఒక ఉపాయం కనిపెట్టాడు. కండరాలు వదులయ్యే మందు ఎక్కించే ముందే ఒక చేతికి బీపీ పట్టీ లాంటిది కట్టి గాలి బిగిస్తారు. మందు ఒళ్లంతా పాకినా ఆ చేతికి చేరదు. ఆ అరచేతిలో చెయ్యి పెట్టి, చెవి దగ్గర వంగి, పేరు పెట్టి పిలిచి ‘వినపడుతుంటే నా చెయ్యి నొక్కండి’ అనాలి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొన్ని దేశాల ఆసుపత్రులు కలిసి 260 మందిని ఇలా పిలిచి చూశాయి. గొంతులో ట్యూబు వేసిన వెంటనే 12 మంది చెయ్యి నొక్కారు. నొప్పిగా ఉంటే మళ్లీ నొక్కమంటే వారిలో ఐదుగురు మళ్లీ నొక్కారు.

ఈ లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టాలి. 2014లో బ్రిటన్, ఐర్లండ్‌లలో పూర్తయిన పెద్ద సర్వేలో, మధ్యలో తెలివొచ్చిందని తమంతట తాము చెప్పినవారు సుమారు 19 వేల మందికి ఒకరు. అడిగితే దాదాపు ఇరవై మందిలో ఒకరు, తర్వాత తలచుకుని చెబితే 19 వేల మందిలో ఒకరు. ఇంత తేడాకు పెద్ద కారణం జ్ఞాపకమే. చెయ్యి నొక్కినవాళ్లలో చాలా ఎక్కువమందికి ఆ సంగతి తర్వాత గుర్తుండదు.

గుర్తు లేకపోతే జరగనట్టేనా? ఇక్కడ లాబొరేటరీ ఒక్కటే సరిపోదు, తత్వశాస్త్రం కావాలి. భుజం జారిన ఒక పెద్దావిడకు మిడజొలామ్ అనే మత్తుమందు ఇచ్చి ఎముక సర్దుతున్నారు. ‘అబ్బా, మెల్లగా నాయనా’ అంటూనే ఉంది. పేరు పిలిస్తే పలికింది, మనవడు ఏం చదువుతున్నాడంటే చెప్పింది. తర్వాత వార్డులో అడిగితే ‘ఏం తెలీలేదు బాబూ, హాయిగా నిద్రపట్టేసింది’ అంది. చల్లగా ఉండమని దీవించింది కూడా. మాకిది రోజూ చూసేదే. ఆ ‘అబ్బా’ అన్న క్షణంలో ఆమె పడ్డ బాధ ఎవరి ఖాతాలో రాయాలి? అమెరికన్ తత్వవేత్త డేనియల్ డెన్నెట్ 1978లోనే సూటిగా అడిగాడు. ఒళ్లు కదలకుండా చేసి, బాధ అంతా పడనిచ్చి, చివర జ్ఞాపకం తుడిచేసే మందును మత్తుమందుగా ఒప్పుకుంటారా అని. నేను ఒప్పుకోను. పేషెంట్లూ ఒప్పుకోరు.

మన దగ్గర ఇదే తగువు గాఢనిద్ర గురించి శతాబ్దాలు సాగింది. హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అని లేచినవాడు చెబుతున్నాడంటే అది జ్ఞాపకం, అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు, కాబట్టి నిద్రలోనూ ఏదో ఎరుక ఉందని అద్వైతులన్నారు. కాదు, లేచాక ఒంటి తేలికను చూసి ఊహించి చెప్పే మాట అది అని న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, అన్నారు. ఆ పెద్దావిడ మాట విన్నవాడిగా ఈ ఒక్క విషయంలో నేను నైయాయికుల పక్షం. ఆమె చెప్పిన హాయి అనుభవం కాదు, ఊహే. అయితే ఏమీ తెలియలేదన్న మాటను ఆఖరి సాక్ష్యంగా తీసుకోకూడదన్న అద్వైతుల పట్టుదల కూడా నాకు కావాలి. అనస్థీషియా అంతా మాండూక్యోపనిషత్తులో ఉందని నేను అనను. వాళ్ల లక్ష్యం మోక్షం, నా లక్ష్యం ఒక పిత్తాశయం ఆపరేషన్ బాధ లేకుండా ముగియడం. కానీ 2012లో శాండర్స్, టొనొని తదితరులు రాసిన వ్యాసం పేషెంటు స్థితిని మూడుగా విడదీసింది. బయటి లోకం తెలిసే ఎరుక, లోకంతో తెగిపోయి కల లాగా లోపలే నడిచే ఎరుక, ఏ ఎరుకా లేకపోవడం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి చదివినవాడికి ఈ గీతలు కొత్తగా అనిపించవు.

మందులు మెదడులో ఏం చేస్తాయన్న పరిశోధనా ముందుకు సాగింది. ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే మత్తు అంత బలమని 1900 ప్రాంతంలో మేయర్, ఓవర్టన్ గమనించారు. 1984లో ఫ్రాంక్స్, లీబ్ మిణుగురు పురుగు ప్రొటీన్ మీద మత్తుమందులు నేరుగా పనిచేస్తాయని చూపించి, నూనె నుంచి ప్రొటీన్లకు దృష్టి మళ్లించారు. ప్రొపొఫాల్, సెవోఫ్లూరేన్, కెటమిన్ ఒకదానికొకటి పోలిక లేని మందులు. మూడింటితోనూ మెదడు ముందు భాగం నుంచి వెనకవైపుకు పోయే సమాచారం తగ్గుతుందని 2013లో మిచిగాన్ విశ్వవిద్యాలయంవాళ్లు చూపారు. నాకు ఇది చాలా ఆశ కలిగించిన ఫలితం.

ఈ పనిలో మనకూ చోటుంది. మన దగ్గర ఎండీ అనస్థీషియా చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. ఎక్కువమంది నడుము సూదిలో ఈ మందు కలిపితే ఎంతసేపు, ఆ మందు కలిపితే ఎంతసేపు అన్న పోలికలే తీసుకుంటారు. అవీ పనికొచ్చేవే. కానీ చేతికి పట్టీ కట్టి పేరు పెట్టి పిలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పిలిచే మాట ఎలా ఉండాలన్నదే తెలుగువాళ్ల దగ్గర చేయాల్సిన పని. కేసు షీటులో ఉన్న పేరు ఇంట్లో ఎవరూ పిలవని పేరు కావచ్చు. ఆ పేరుకు పలకలేదంటే స్పృహ లేదని రాసుకోలేం. ముందు రోజు వార్డులోనే మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారని అడగాలి. ఇంతకన్నా కష్టమైనది అంగీకార పత్రం. మధ్యలో తెలివి రాదు కదా అని భయపడుతున్న మనిషికి, అది వస్తుందేమో చూడటానికే మిమ్మల్ని పిలుస్తామని భయం పెరగకుండా చెప్పే నాలుగు వాక్యాలు తెలుగులో రాయాలి. మా పీజీ ఒకమ్మాయి ఇప్పుడు ఆ వాక్యాల మీదే కూర్చుంది. కొట్టేసి మళ్లీ రాస్తోంది.