నమ్మకం లేనిది ఎవరికి?

టీటీసీ చదివే రోజుల్లో పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. గిరిజన ప్రాంతాల్లో ఆరోగ్య సమస్యలకు కారణాలు రాయమన్నారు. మేము మొదటి కారణంగా ‘మూఢనమ్మకాలు’ అని, రెండో కారణంగా ‘ఆస్పత్రుల మీద నమ్మకం లేకపోవడం’ అని రాశాం. మంచి మార్కులే వచ్చాయి. కోయ గూడెంలో పుట్టి, మా అవ్వ ఏ దవాఖానకు ఎన్నిసార్లు నడిచిందో కళ్లారా చూసి కూడా అలా రాశాం. పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి రాశాం. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాం. ఆ వాక్యం ఇంకా సమావేశాల్లో, శిక్షణ తరగతుల్లో, పేపర్లలో వినిపిస్తూనే ఉంది. ఈ వ్యాసంలో మేము విమర్శించదలచుకున్నది ఆ వాక్యాన్నే. అందులో మా సంతకం కూడా ఉంది కాబట్టి మమ్మల్ని కూడా.

ఈ విషయం మీద తెలంగాణలో అందరికీ తెలిసిన పాట ఒకటుంది. సర్కారు దవాఖానకు తాను రానని బిడ్డతో మొరపెట్టుకునే పాట. అది వినని ఊరు లేదు. రాష్ట్రం వచ్చాక మంత్రులు దాన్ని వేదికల మీద తిరగేసి చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు రామన్న జనమే ఇప్పుడు పోతామంటున్నారని చెప్పారు. 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. మగపిల్లవాడు పుడితే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చారు. సర్కారు దవాఖానల్లో ప్రసవాలు పెరిగిన మాట నిజం. మా గూడేల నుంచి కూడా వెళ్లారు. కానీ పాటా, దాన్ని తిరగేసిన ఉపన్యాసమూ రెండూ జనం వస్తున్నారా రావడం లేదా అన్న ఒక్క లెక్కే చూశాయి. రావడం వేరు, నమ్మడం వేరు. చేతిలో పైసా లేనివాడు వచ్చాడంటే నమ్మి వచ్చాడని కాదు, ఇంకెక్కడికీ పోలేక వచ్చాడని.

రావడం సంగతే తీసుకుంటే, మనవాళ్లు రారన్న మాట అసలే నిలవదు. ఏ రోజైనా పొద్దున్నే వరంగల్ ఎంజీఎం గేటు దగ్గర నిలబడి చూడండి. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్ద దవాఖాన అది. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట, గూడూరు, కొత్తగూడ, గంగారం, ఇంకా గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ గూడేల నుంచి కూడా జబ్బు ముదిరినవాళ్లు చేరేది అక్కడికే. మా వైపు ‘ఎంజీఎంకు రాసిండ్రు’ అనే మాట ఒకటుంది. పీహెచ్‌సీలోనో, ఏటూరునాగారం ఆస్పత్రిలోనో తమ వల్ల కాదని కాగితం రాసి పంపారని దాని అర్థం. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు మేకను అమ్ముతారు, లేదా చుట్టాల దగ్గర చేబదులు తెస్తారు. ఏటూరునాగారం నుంచి వరంగల్ వంద కిలోమీటర్లకు పైనే. వానాకాలం జంపన్నవాగు పొంగితే రోడ్డు దాకా రావడమే గండం. అంత దూరం మోసుకొచ్చిన మనిషిని చూసి ‘వీళ్లకు నమ్మకం లేదు’ అనడానికి నోరెలా వస్తుందో మాకు అర్థం కాదు.

దారిలో సమ్మక్కకు మొక్కుకుంటారు. వచ్చేముందు వడ్డెతో మాట్లాడి ఉంటారు. చాలామంది చదువుకున్నవాళ్లకు ఇక్కడే మూఢనమ్మకం కనిపిస్తుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో కూడా దేవుడి పటాలు ఉంటాయి, ఆపరేషన్‌కు ముందు తిరుపతికి మొక్కుకునే డాక్టర్లూ ఉంటారు. దాన్నెవరూ వైద్యం మీద అపనమ్మకం అనరు. సరే, అది పక్కన పెడదాం.

వచ్చినవాళ్లకు ఏం జరుగుతుందో చూడాలి. మా దగ్గర చదివి వెళ్లిన ఒక పిల్లవాడి తల్లి సంగతి చెబుతాం. ఊరి పేరు, ఆస్పత్రి పేరు ఇక్కడ అక్కర్లేదు. కడుపునొప్పి అని తీసుకెళితే ఆపరేషన్ చేసి పంపారు. ‘గడ్డ తీసిండ్రు సారూ’ అని ఆమె చెప్పేది. ఏడాది దాటాక ఏదో పని మీద కాగితాలన్నీ సంచిలో వేసుకుని బడికి వచ్చింది. అందులో ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఉంది. అంతా ఇంగ్లీషు. మేము నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. గర్భసంచి తీసేశారని అందులో ఉంది. ఆ మాట ఆమెకు చెప్పాల్సిన పని ఒక బడి పంతులు మీద పడింది. ఎలా చెప్పాలో తెలియక కాగితం అటూ ఇటూ తిప్పాం. చెప్పాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: ‘అప్పుడే చెప్తే నేను వద్దంటనా సారూ?’

ఆ ఆపరేషన్ అవసరమై ఉండొచ్చు. మేము డాక్టర్లం కాదు, తీర్పు చెప్పలేం. ఆమె కూడా ఆపరేషన్ తప్పని అనలేదు. కడుపు కోయడానికి ఒప్పుకున్న మనిషిని, కోసింది ఏమిటో చెప్పడానికి మాత్రం నమ్మలేదు. చెబితే భయపడుతుందని, అర్థం కాదని, లేచి వెళ్లిపోతుందని అనుకుని ఉంటారు. రోగికి ఆస్పత్రి మీద నమ్మకం ఉందా లేదా అని ఎన్నో సర్వేలు చేస్తారు. ఆస్పత్రికి రోగి మీద నమ్మకం ఉందా అని ఎవరూ అడగరు. మా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

భాష సంగతీ ఇందులోనే ఉంది. పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. కానీ అది సంతలో తెలుగు. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో, ఏ నెలలో నెత్తురు ఎక్కువ పోయిందో చెప్పడానికి ఆ తెలుగు చాలదు. ఆ మాటలు కోయలోనే వస్తాయి. డాక్టరు అడుగుతాడు, అవ్వ ‘ఆ’ అంటుంది. ఆయన దాన్ని ‘అవును’ అని రాసుకుంటాడు. ఆమె అన్నది ‘వింటున్నాను’ అని.

మన పిల్లలే డాక్టర్లయితే ఇది మారుతుందని అంటారు. మారాలి. మహబూబాబాద్‌లో 2022లో, భూపాలపల్లిలో 2023లో, ములుగులో 2024లో మెడికల్ కళాశాలలు తెరిచారు. అడవి అంచున కళాశాల ఉండటం మంచిదే. కానీ 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లోనే పీజీ చదువుతున్న ఒక గిరిజన డాక్టరమ్మ ప్రాణం పోయింది. సీనియర్ వేధింపులే కారణమని తల్లిదండ్రులు చెప్పారు, పోలీసు కేసు నడిచింది. తెల్లకోటు వేసుకున్న తర్వాత కూడా మన బిడ్డకు అక్కడ చోటు ఎంత ఇరుకుగా ఉంటుందో ఆ రోజుల్లో మా బడి ఆడపిల్లలు మమ్మల్ని అడిగారు. జవాబు చెప్పలేకపోయాం.

ఇక 2022 మార్చి చివర్లో ఎంజీఎంలో జరిగింది దేశమంతా చదివింది. శ్వాసకోశ ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. ఆయన్ను హైదరాబాద్ నిమ్స్‌కు తరలించారు. ఆ తర్వాత చనిపోయారు. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు అంతకుముందు రోజు పుట్టలేదు. ఉన్నాయని అక్కడ పడుకున్న ప్రతి రోగికీ, ఊడ్చే ప్రతి మనిషికీ తెలుసు. వాళ్లు చెబితే వినే చెవి లేదు. అంతకుముందే, 2021లో, పాత సెంట్రల్ జైలును కూల్చిన చోట 24 అంతస్తుల ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. భవనం కావాలి, వద్దనం. అయితే నేల మీద పడుకున్నవాడి మాట కింది అంతస్తులోనే వినకపోతే ఇరవై నాలుగో అంతస్తు దాకా ఎలా ఎక్కుతుంది?

మేము ఇంకా దగ్గరగా తెలుసుకోవాల్సినది ఎంజీఎంలో జరిగినది కాదు, హాస్టల్లో జరిగినది. ఏటూరునాగారం నుంచి గోదావరి వెంట కిందికి పోతే భద్రాచలం వస్తుంది. పాత ఖమ్మం జిల్లా. 2009 జులైలో అక్కడ భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. సుమారు 14 వేల మంది పిల్లలకు వేశారు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు వెళ్లి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. మన పాఠకులు ఈ మాటను దాటేయకూడదు. ఆ టీకా ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నదే.

కానీ అదే విచారణలో ఇంకొకటి బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. తల్లిదండ్రుల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకం పెట్టవచ్చని పైనుంచి కాగితం కూడా వచ్చింది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుబట్టింది. అలాంటి నివేదికను కోర్టులో చూడవచ్చా అన్న వాదన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. చూడవచ్చని 2018 మేలో తీర్పు వచ్చింది.

ఈ అంకెలు చదివినప్పుడు మాకు డాక్టర్లు కాదు, మా బల్లే కళ్లముందు కనిపించింది. మేము హాస్టల్లో కూడా పనిచేశాం. ఎన్ని కాగితాలు వస్తాయో తెలుసు. సాయంత్రంలోగా పంపాలంటారు. తల్లి అడవికి ఆకు కోతకు పోయి ఉంటుంది, తండ్రి మిర్చి ఏరడానికి పోయి ఉంటాడు. ఫోన్ అందదు. ‘మీరే పెట్టండి సార్, ఏమవుతుంది’ అంటారు. మేమూ పెట్టాం, టీకాకు కాకపోయినా వేరే కాగితాలకు. ఆ అమ్మానాన్నలు పిల్లను మా చేతుల్లో పెట్టి వెళ్లారంటే అంతకన్నా నమ్మకం ఇంకేముంటుంది? ‘ఆదివాసులకు నమ్మకం లేదు’ అని పరీక్షలో రాసిన మేమే ఆ నమ్మకాన్ని తీసుకుని ఇంకొకరి పేరున ఖర్చు పెట్టే చోట కూర్చున్నాం. వార్డెన్లను మాత్రమే తిట్టి తప్పించుకుంటే లాభం లేదు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఇదంతా చదివి కొందరు యువకులు అయితే టీకాలే వద్దంటారని మాకు భయం. ఇప్పటికే వాట్సాప్‌లో అలాంటివి తిరుగుతున్నాయి. సర్కారు మందంటే కుట్ర అంటారు. అదే నోటితో అర్ధరాత్రి ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించుకుంటారు. ఆర్‌ఎంపీని ఎందుకు నమ్ముతారో మాకు తెలుసు. పిలిస్తే వస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, పంట అమ్మాక డబ్బు తీసుకుంటాడు, అవ్వను అవ్వా అని పిలుస్తాడు. ఇవన్నీ మంచి గుణాలే, పెద్ద దవాఖానలు నేర్చుకోవాల్సినవి. కానీ ఆయన ఏం సూది వేశాడో ఆయనా చెప్పడు. మనమూ అడగం. నమ్మినవాడిని కూడా అడగాలి. అది మన గూడేల్లో మనమే నేర్పుకోవాల్సిన చదువు, ఏ శాఖా వచ్చి నేర్పదు.

2024 ఫిబ్రవరిలో మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. అదే టీకా, అదే వయసు. ఈసారి అది మన పిల్లలకు కావాలనే మేము కోరుతున్నాం. మన ఆడవాళ్లు ఆ జబ్బుతో ఎంజీఎం దాకా వచ్చేసరికి చాలా ఆలస్యమైపోతోంది. మళ్లీ అలాంటి కాగితం మా బల్ల మీదికి వస్తుంది. మళ్లీ సాయంత్రంలోగా అంటారు.

ఈసారి ఆ కాగితంలో ఏముందో కోయలో చెప్పగలిగినవాళ్లు బడిలో ఉండాలి. మేము తోటి టీచర్లతో కలిసి ఇప్పటికే చిన్న పని మొదలుపెట్టాం. మొన్న నులిపురుగుల మాత్రల రోజుకు ముందు, తల్లుల సమావేశంలో ఆ మాత్ర ఏమిటో, ఎందుకో, మింగాక ఏమవ్వొచ్చో కోయలో చెప్పాం. అరగంట అనుకున్నది రెండు గంటలు పట్టింది. ఎన్ని ప్రశ్నలో! పరగడుపున వేస్తారా, జ్వరం ఉన్న పిల్లకు వేయొచ్చా, చిన్నవాడికి సగమా మొత్తమా అని అడిగారు. కొన్నింటికి ఏఎన్‌ఎం చెప్పింది. కొన్నింటికి ఆమె పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుంది. చివర్లో వెనక కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, తన మనవరాలికి వేసే మాత్ర ముందు తన చేతిలో పెట్టి చూపించమంది. ఏఎన్‌ఎం పెట్టింది. ఆమె దాన్ని వెలుతురులో తిప్పి చూసి, వాసన చూసి, తిరిగిచ్చి, ‘ఇగ వెయ్యుండ్రి’ అంది.