మేళం మొత్తం విన్నవాడు

షష్టిపూర్తి అంటే మన గోదావరి జిల్లాల్లో ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. ఆయుష్య హోమం, ఆవిడ మెళ్లో మళ్లీ ఒక తాళి, ఫంక్షన్ హాల్లో భోజనాలు, వెళ్లేటప్పుడు చేతిసంచీలో ఓ స్టీలు గిన్నె. మా శిష్యుడూ ఇవన్నీ చేసుకున్నాడు. పిల్లలు ఊరుకోరు కదా! అయితే అరవై నిండిన ఆ ఏడాది అతను ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లప్పుడు తనని పట్టుకున్న ఓ రికార్డుని తీరిగ్గా కూర్చుని మళ్లీ మొదటి నుంచీ విన్నాడు. వింటూ రాసుకున్న కాగితాలే ఈ పుస్తకం.

ఆ రికార్డు పేరు ‘ది బిలీవర్’. రిమెంబర్ శక్తి అనే బృందం 1999లో యూరప్‌లో చేసిన కచేరీల నుంచి తీసి 2000లో విడుదల చేశారు. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజిర సెల్వగణేష్. నాలుగో ఆసామి మా ఊరివాడు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్.

ఈ పుస్తకం రాసినవాడు నా దగ్గర ఇంటర్‌లో తెలుగు చదువుకున్నాడు. తర్వాత రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. రాతప్రతి పట్టుకొచ్చి "నాలుగు మాటలు రాసిపెట్టండి మాస్టారూ" అన్నాడు. "ఫ్యూజన్ అంటే నాకు పడదని తెలుసు గదరా" అన్నాను. "తెలుసండి. అందుకే మీకు తెచ్చానండి" అన్నాడు. ఆ జవాబుకే సగం ఒప్పుకున్నాను. మిగతా సగం చదివాక ఒప్పుకున్నాను.

మా ఊళ్లో శ్రీనివాస్ కథ టీ కొట్లో కూర్చున్నవాళ్లకి కూడా కంఠస్థం. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసుడు. ఆరేళ్ల పిల్లాడు తండ్రి దగ్గరున్న మాండలిన్ అందుకున్నాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు చెప్పడం మొదలుపెట్టారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ, 1981లో మద్రాసు సభ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. ఇదంతా పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోతుంది. నయం. మనవాడు, మన ఊరు, మన నీళ్లు అంటూ వంద పేజీలు నింపుతాడేమోనని భయపడ్డాను.

నింపకపోవడానికి కారణం ఉంది. 2000లో మేనల్లుడు హైదరాబాదు నుంచి ఆ సీడీ తెచ్చిచ్చినప్పుడు ఇతను విన్నది మాండలిన్ ఒక్కటే. గిటారు వస్తే బటన్ నొక్కి ముందుకు పోయేవాడు, తబలా వస్తే మళ్లీ నొక్కేవాడు. ఊరి అభిమానం అలాంటిది. పెళ్లిలో మన పిల్ల ఎక్కడుందా అని వెతుక్కునేవాడికి పెళ్లి కనపడదు. అరవయ్యో ఏట ఆ బటన్ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. శ్రీనివాస్ వాయించని చోట్ల శ్రీనివాస్ ఏం చేస్తున్నాడన్నది ఈసారి అతని ప్రశ్న. పుస్తకంలో మంచి అధ్యాయాలన్నీ ఆ ప్రశ్నలోంచే వచ్చాయి.

వాటిలో నాకు బాగా నచ్చింది బ్యాండు మేళం అధ్యాయం. పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ ఆయన పాట ఎత్తుకున్నప్పుడు డ్రమ్ము కుర్రాడు తగ్గాలి. తగ్గకపోతే ఆయన వాయిద్యం నోటి నుంచి తియ్యకుండానే కళ్లతో కసురుతాడు. అలాంటి క్లారినెట్ మోగిన ఇంట్లో పెరిగిన పిల్లాడికి, తన వంతు కానప్పుడు ఎలా ఉండాలో ఒకరు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదంటాడు ఇతను. మెక్‌లాఫ్లిన్ గిటారు మీద దూరంగా వెళ్లిపోయినప్పుడు మాండలిన్ చప్పుడు చెయ్యదు, ఆయన తిరిగొచ్చే చోట ముందే వచ్చి నిలబడి ఉంటుంది. చదివాక నేనూ విన్నాను. నిజమే. సెల్వగణేష్ కంజిర గురించి కూడా ఇలాగే రాశాడు. ఆ చిన్న వాయిద్యాన్ని పట్టుకున్న ఎడమచేతి వేళ్లతోనే చర్మాన్ని నొక్కి శ్రుతి మారుస్తారు. జాకిర్ తబలాలో ఎడమదైన బాయా గుమ్మని దిగిన చోటల్లా కంజిర దాని వెనకే దిగుతుంది. పాతికేళ్లుగా ఆ రెండూ ఒకటే వాయిద్యమనుకున్నాడట మావాడు.

మెకానిక్ కావడం వల్ల ఇతనికి తెలిసిన సంగతులు సంగీత విమర్శకుల పుస్తకాల్లో దొరకవు. మామూలు మాండలిన్‌కి 4 జతలు, మొత్తం 8 తీగలు. మీటగానే టింగుమని అంతలోనే ఆరిపోతుంది నాదం. అందుకే ఒకే స్వరాన్ని గబగబా మీటి, నిలిచినట్టు అనిపిస్తారు. పాత సినిమా పాటల్లో ఆ వణుకు మనకు అలవాటే. కర్ణాటక సంగీతానికి అది చాలదు. ఒక్క మీటులో స్వరం పుట్టాలి, ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. ఇది నాకు బోధపడ్డానికి మావాడు కొట్లో బల్ల మీద ఓ పాత మాండలిన్ పెట్టాడు. జంట తీగని వేలితో పక్కకి తోశాడు. రెండు తీగలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని గరగరలాడాయి. చేతిలో ఉన్న పటకారుతో ఒక తీగ విప్పేసి మళ్లీ తోశాడు. గాంధారం శుభ్రంగా మధ్యమంలోకి జారింది. శ్రీనివాస్ జతలు తీసేసి 5 ఒంటి తీగలు పెట్టుకున్నది ఇందుకే. పికప్ పెట్టి ఆంప్లిఫయర్‌కి కలిపాక, మీటిన స్వరానికి ఊపిరి నిలిచింది. కరెంటు మాండలిన్ అని ముక్కు విరిచిన పెద్దలు ఈ అధ్యాయం ఒకసారి చదవాలి.

అవతలి నుంచి మెక్‌లాఫ్లిన్ కూడా ఇదే గోడకి గుద్దుకున్నాడు. అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి దగ్గర వీణ నేర్చుకున్న మనిషి ఆయన. డెబ్బైల్లో రిమెంబర్ శక్తికి ముందటి బృందం శక్తిని మొదలెట్టినప్పుడు మెట్ల మధ్య చెక్కని గుంటలుగా చెక్కించుకుని, వీణ మీద లాగినట్టు తీగని లాగడానికి వీలున్న గిటారు చేయించుకున్నాడు. దాని మీదుగా శ్రుతి కోసం అడ్డంగా 7 తీగలు. ఆయన తన గిటారుని వీణ వైపు జరిపాడు, శ్రీనివాస్ మాండలిన్‌ని అటే జరిపాడు. పాతికేళ్లకి ఇద్దరూ ఒకే వేదిక మీద కలిశారు.

ఇక్కడ ఇతను ‘ది బిలీవర్’ వదిలి వెనక్కి, శక్తి తొలి రికార్డుకి వెళ్తాడు. 1975 జులై 5న న్యూయార్క్ దగ్గర సౌతాంప్టన్ కాలేజీలో చేసిన కచేరీ అది. 1976లో విడుదలైంది. అంటే మావాడికి అరవై నిండిన ఏడే దానికి యాభై నిండింది. వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్, మృదంగం రామనాథపురం రాఘవన్, తబలా జాకిరే. రికార్డు రెండో వైపంతా ఒకే అంశం. ఆ కాలంలో రాక్ సంగీతం అమ్ముకునే కంపెనీ ఇలాంటి సరుకు ఎలా విడుదల చేసిందో! మరో రెండు రికార్డులు చేసి 1978 నాటికి ఆ బృందం చెదిరిపోయింది. 1997లో మళ్లీ కూడినప్పుడు హరిప్రసాద్ చౌరాసియా వేణువు వచ్చింది. ఆ తర్వాత శ్రీనివాస్ చేరాడు, వినాయక్‌రామ్ స్థానంలోకి ఆయన కొడుకు సెల్వగణేష్ వచ్చాడు.

‘లోటస్ ఫీట్’ అనే చిన్న విలంబ రచన 1976 రికార్డులోనూ ఉంది, ‘ది బిలీవర్’లోనూ ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి వినడమే ఈ పుస్తకానికి గుండెకాయ. వయొలిన్‌కి కమాను ఉంది, కావలసినంతసేపు స్వరాన్ని లాగొచ్చు. మాండలిన్‌కి ఆ వసతి లేదు. శ్రీనివాస్ వయొలిన్‌ని అనుకరించబోలేదు, స్వరం అరిగిపోకముందే వదిలేశాడు, ఆ ఖాళీలో గిటారు వచ్చి కూర్చుంది అంటాడు ఇతను. బాగా విన్నాడు. అయినా నా ఓటు 1976కే. ఎల్. శంకర్ వయొలిన్‌లో ఉన్న ఆ తడి నాకు రెండోదాంట్లో దొరకలేదు. ఈ మాటంటే మావాడు మొహం ముడుచుకుని "మీరు మళ్లీ వినాలండి" అన్నాడు. మళ్లీ విన్నాను. ఓటు మారలేదు. ద్వారంవారి వయొలిన్ వింటూ పెరిగిన చెవులివి, వాటి చాదస్తం వాటిది.

ఇంకో చోట గట్టిగానే విభేదిస్తాను. మద్రాసు సభలు మాండలిన్‌ని చిన్నచూపు చూశాయని ఓ అధ్యాయమంతా ఉడికిపోయాడు. గొణిగినవాళ్లు ఉండే ఉంటారు. కానీ 1981 డిసెంబరులో 12 ఏళ్ల కుర్రాడిని పిలిచి వేదిక ఎక్కించింది కూడా ఆ ఊరి సభే కదా! బాలుస్వామి దీక్షితుల కాలంలో వయొలిన్ వచ్చింది, మన కాలంలో ఎ.కె.సి. నటరాజన్ క్లారినెట్, కద్రి గోపాల్‌నాథ్ శాక్సోఫోన్ వచ్చాయి. వాయించగలిగినవాడు వస్తే మన సంగీతం తలుపు తీస్తుంది. ఆ అధ్యాయంలో సగం కొట్టేయమన్నాను. కొట్టేయలేదు. పుస్తకం అతనిది, సరే.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు. 45 ఏళ్లు. తనకన్నా మూడేళ్లు చిన్నవాడి సంగీతాన్ని, ఆ చిన్నవాడు చూడని వయసులో కూర్చుని వినడం ఎలా ఉంటుందో మావాడు ఒక్క పేరాలో రాసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే అందం. 2023లో శక్తి మళ్లీ రికార్డు చేసింది, 2024లో దానికి గ్రామీ వచ్చింది. అందులో మాండలిన్ లేదు, గణేష్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. ఆ డిసెంబరులోనే జాకిర్ కూడా వెళ్లిపోయాడు. వీటి మీద కన్నీళ్లు పెట్టించే అవకాశం ఉండీ వాడుకోలేదు. ఒక్క మాట మాత్రం రాశాడు: కొత్త రికార్డు వింటున్నప్పుడు కూడా బటన్ నొక్కలేదట.

పాఠకులకి నా సలహా ఒకటే. ముందు తీగల అధ్యాయం, తర్వాత ‘లోటస్ ఫీట్’, ఆ తర్వాతే మొదటి పేజీ. రికార్డు విననివాళ్లకి కూడా అప్పుడు దారి దొరుకుతుంది.

మావాడి మీద ఒక ఫిర్యాదు మిగిలింది. రుద్రరాజు సుబ్బరాజుగారికి ఈ పుస్తకంలో నాలుగు వాక్యాలే దక్కాయి. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. నోటితో కీర్తన పాడేవారు, ఎదురుగా కూర్చున్న పిల్లాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. వేళ్ల పెట్టు చెప్పే గురువు లేకపోబట్టే ఆ వాయింపులో గొంతు వినపడుతుందని నా అనుమానం. అలాంటి పాఠం ఎలా జరిగి ఉంటుందో విప్పిచెప్పడానికి మా మెకానిక్‌ని మించినవాడు లేడు. రెండో ముద్రణకి ఆ అధ్యాయం రాయాలి, తెలిసిన పెద్దల్ని వెతికి అడగాలి అన్నాను. "ఆయ్, రాస్తానండి" అన్నాడు. నాకు ఎనభై దగ్గర పడుతోంది కాబట్టి కాస్త తొందరగా మొదలుపెట్టమని ఇక్కడ అచ్చులో కూడా చెబుతున్నాను.