దుర్గ చూడని రైలు

గత వేసవి సెలవుల్లో మా తెలుగు మాస్టారు లైబ్రరీ నుంచి 'పథేర్ పాంచాలి' తెలుగు అనువాదం తీసిచ్చి, "చదివి నీకేమనిపించిందో రాయి" అన్నారు. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన ఈ బెంగాలీ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. నిజం చెప్పాలంటే మొదట విసుగేసింది. చెట్లు, తీగలు, వెదురుపొదల వర్ణనే ఎక్కువ. కానీ దుర్గ చనిపోయాక వెనక్కి వెళ్లి ఆ పేజీలు మళ్లీ చదివాను. అవన్నీ ఆ పిల్ల తిరిగిన చోట్లే కదా!

కథ నిశ్చిందిపురం అనే పల్లెలో జరుగుతుంది. హరిహర్ పౌరోహిత్యం చేసుకునే పేద బ్రాహ్మడు. భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు. దుర్గ ఇంటిపట్టున ఉండదు. తోటల్లో దొరికినవి తెచ్చి తమ్ముడికి పెడుతుంది, అమ్మ చేత దెబ్బలు తింటుంది. తండ్రి సంపాదన కోసం వేరే ఊరు వెళ్లినప్పుడు, పడిపోయేలా ఉన్న ఇంట్లో, వానల్లో, జ్వరంతో చనిపోతుంది. ఆ సంగతి తెలీని తండ్రి కూతురికి చీర కొనుక్కుని వచ్చి, గుమ్మంలోంచే పిల్లల్ని పిలుస్తాడు. అక్కడ నేను పుస్తకం మూసేశాను. మర్నాటి దాకా మళ్లీ తెరవలేదు.

తర్వాత ఆ కుటుంబం ఊరొదిలి కాశీ వెళ్లిపోతుంది. "వాళ్లని మార్చింది పేదరికం, చావు కాదు" అని నా స్నేహితురాలు వాదించింది. నేను ఒప్పుకోను. పేదరికం మొదటి పేజీల నుంచీ ఉంది. అయినా ఆ ఇంటిని పట్టుకునే ఉన్నారు. దుర్గ పోయాకే ఆ ఇల్లు వాళ్లది కాకుండా పోయింది.

అయితే నా దృష్టిలో అంతకంటే పెద్ద మార్పు ఇంకోటి ఉంది. ముగ్గురూ దుర్గ గురించి కలిసి మాట్లాడుకోరు. ఊరొదిలే ముందు సామాను సర్దుతుంటే అపుకి ఒక బంగారు కుంకుమ భరిణ దొరుకుతుంది. పక్కింటివాళ్లది పోయిందని దుర్గని కొట్టించిన భరిణ అదే. అపు అమ్మకి చెప్పడు. వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. ఇన్నాళ్లూ అక్క తనని చూసుకుంది, ఇప్పుడు తను అక్క పరువు కాపాడాడు. చిన్నపిల్లాడు పెద్దవాడయింది అక్కడే అని నాకనిపించింది.

జ్వరంలో ఉన్నప్పుడు దుర్గ, తగ్గాక రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన సినిమాలో అక్కాతమ్ముళ్లిద్దరూ రైలు చూస్తారు. నవల్లో దుర్గ చూడనే లేదు. అపు ఒక్కడే, ఊరొదిలి వెళ్లేటప్పుడు చూస్తాడు. సినిమా అందంగా ఉంది, కానీ ఈ విషయంలో నాకు నవలే నిజమనిపించింది.

ఆ ప్రయాణంలో అపు, అక్కని ఇంకెవరూ ప్రేమించలేదని, అందుకే ఆమెని వదిలి వెళ్తున్నందుకు ఎవరికీ బాధ లేదని అనుకుంటాడు. ఇది తప్పు. హరిహర్ వచ్చిన రోజు సర్వజయ ఎలా ఏడ్చిందో మనం చదివాం. కానీ అపు తప్పు కూడా కాదు. ఎవరి దుఃఖం వాళ్లు దాచుకుంటే పక్కవాళ్లకి ఎలా తెలుస్తుంది?

మా బరంపురం ఇంట్లో మామ్మ ట్రంకు పెట్టెలో చిన్నపిల్లల వెండి పట్టీలు ఉన్నాయి. నాన్న పుట్టకముందే జ్వరంతో పోయిన అత్తవట. ఆ మాట ఎత్తకూడదని అందరికీ తెలుసు. నవల పూర్తయ్యాక ధైర్యం చేసి, "మామ్మా, అత్త పేరేంటి?" అనడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తిడుతుందేమో అనుకున్నాను. తర్వాత పేరు చెప్పింది. చింతకాయలంటే ప్రాణమని, చెప్పిన మాట అస్సలు వినేది కాదని చెప్పింది. చెప్తూ ఒకసారి నవ్వింది కూడా.

నాన్న గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. చింతకాయల సంగతి ఆయనకీ ఆ రోజే తెలిసిందట.